అర మెట్టు

థియేటర్లో ఇంకా హీటర్లు వెయ్యలేదు. రిహార్సల్ చూడడానికి వచ్చిన పై గ్యాలరీ వాళ్ళు కోట్లు, టోపీలు తియ్యకుండానే బెంచీల మీద ఒకరికొకరు ఒరిగి కూర్చున్నారు. ఇటలీలోని ఆ చిన్న ఊరు కాస్టెల్వేరోలో అది పాత ఆచారం. ఆదివారం కచేరీ అయితే గురువారం సాయంత్రం గ్యాలరీ తలుపులు తీసిపెడతారు. కింద వెల్వెట్ కుర్చీల్లో డబ్బున్నవాళ్ళు, పైన బెంచీల మీద చెవులున్నవాళ్ళు అని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ చెవులకు నచ్చకపోతే ఈలలు వేస్తారు. రోము నుంచి వచ్చిన గాయకుడొకడు ఆ ఈలలకు తట్టుకోలేక, వేషం తియ్యకుండానే రైలెక్కాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

పియానో ముందు ఎర్సీలియా వేళ్ళను చంకల్లో దాచుకుని కూర్చుంది.

"ఏమే, వేళ్ళు కొయ్యబారాయా?" అంది నీల్డా, శాలువా మీద ఇంకో శాలువా కప్పుకుంటూ.

"నీ గొంతు కొయ్యబారకపోతే చాలు."

"నా గొంతుకేం, ఇది నా ఊరు. చలి కూడా మాదే."

నీల్డా పూర్తి పేరు లియొనీల్డా మలగూతి. ఆ పేరు వినని ఒపేరా హౌసు యూరప్‌లో లేదు. కానీ ఇక్కడ, మరమ్మతు చేసి మళ్ళీ తెరుస్తున్న ఈ సొంత ఊరి థియేటర్లో, ఆమె ఒంటరిగా పాడడం ఇదే మొదలు. ఆర్కెస్ట్రా ఉండదు, కోరస్ ఉండదు, కిరీటాలూ కత్తులూ ఉండవు. గొంతు, పక్కన పియానో, అంతే. పియానో ఎర్సీలియాది. ఇరవై ఏళ్ళకు పైగా నీల్డా ఊపిరి ఎక్కడ తీస్తుందో, ఎక్కడ తీసినట్టు నటిస్తుందో ఎర్సీలియా వేళ్ళకు తెలుసు.

ఒక్కో పాటా సాఫీగా జరిగిపోయింది. చివరిది ప్రార్థన. ఈ చుట్టుపక్కల పల్లెవాడే రాసిన పాత ఒపేరాలోది. ఇక్కడి వాళ్ళు దాన్ని పెళ్ళికీ పాడుకుంటారు, శవం వెనకా పాడుకుంటారు. ఎర్సీలియా మొదటి స్వరాలు వాయించింది. నీల్డా కళ్ళు మూసుకుని పాడింది. చివర పై స్వరం పువ్వు విచ్చినట్టు విచ్చింది.

పైనుంచి చప్పట్లు రాలేదు. ఒక బెంచీ కిర్రుమంది.

"నీల్డా తల్లీ, బాగుంది. బాగాలేదని ఎవడంటాడు?" గ్యాలరీ అంచు పట్టుకుని అమ్లేతో లేచి నిలబడ్డాడు. రిటైరయ్యేదాకా చీజ్ చక్రాలను చిన్న సుత్తితో తట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పిన మనిషి. గ్యాలరీకి పెద్ద. "కానీ అది మన పాట కాదు. మన పాటకి మేనత్త కూతురిలా ఉంది. శ్రుతి అర మెట్టు ఎవరు దించారు?"

ఎర్సీలియా వేళ్ళు పియానో మెట్ల మీదే ఉండిపోయాయి.

నీల్డా పియానో వైపు తిరిగింది. కనుబొమలు కొంచెం పైకి లేచాయి. వేదిక మీద ఏమీ తెలియని పల్లెపిల్ల వేషం వేసినప్పుడు లేచే కనుబొమలు అవి.

"ఏమిటి ఎర్సీలియా, దించావా?"

ఎర్సీలియా ఆమె ముఖంలోకి చూసింది. నీల్డా చూపు తిప్పుకోలేదు. ఆ మాత్రం ధైర్యం వేదిక మీద ఎప్పుడూ ఉంది ఆమెకు.

"అవును," అంది ఎర్సీలియా. "అలవాటున వేళ్ళు అటు పోయాయి."

"వాయించేవాళ్ళ వేళ్ళు ఎటు పోతే పాడేవాళ్ళ గొంతు అటు పోవాలా?" అన్నారు పైన ఎవరో. నవ్వులు వినిపించాయి.

"ఆదివారం అసలు శ్రుతిలోనే పాడతాను, అమ్లేతో బాబాయ్," అంది నీల్డా. "మాటిస్తున్నాను."

గొంతుకు తెలియకుండా శ్రుతి దిగదు. వియన్నాలో జలుబు చేసిన రోజు ఎర్సీలియా తనంతట తానే ఆ పాటను అర మెట్టు దించి వాయించింది. నీల్డా ఒక్క క్షణం ఆగి, అందుకుని పాడింది. జలుబు తగ్గింది, శ్రుతి మళ్ళీ ఎక్కలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సంసారంలో కొన్ని విషయాల్లాగే అది కూడా మాటల్లో పెడితే పాడవుతుందని ఎర్సీలియా అనుకుంది.

బయటికి వచ్చే వరండాలో థియేటర్ డైరెక్టర్ రొవేర్సి ఎదురుచూస్తున్నాడు. మెడకు సిల్కు గుడ్డ, చేతిలో ఫోను.

"చూడండి మేడమ్, గ్యాలరీతో పెట్టుకుంటే కష్టం. పక్క ఊళ్ళో సంగీత కళాశాలలో ఒక ప్రొఫెసర్ ఉన్నాడు, ఈ పాట నిద్రలో లేపినా వాయిస్తాడు. మీరు ఊఁ అంటే..." అని ఎర్సీలియా అక్కడే నిలబడి ఉందని గుర్తొచ్చి, "మీకూ విశ్రాంతిగా ఉంటుంది కదండీ," అన్నాడు ఆమెతో.

ఎర్సీలియా చేతిగ్లవ్స్ వేసుకుంటూ నీల్డా ఏమంటుందోనని చెవి ఒగ్గింది.

"ఇప్పుడెందుకులెండి," అంది నీల్డా. "ఇంత తక్కువ టైములో."

ఎడమ చేతి గ్లవ్‌లోకి బొటనవేలు ఎంతకీ దూరలేదు. గ్యాలరీ నవ్వు కూడా ఇంత గుచ్చుకోలేదు ఎర్సీలియాకు. టైము ఉండి ఉంటే?

ఇద్దరూ దిగింది నీల్డా అక్క పాల్మీరా ఇంట్లో. శుక్రవారం పొద్దున ఎర్సీలియా వంటింట్లోకి వచ్చేసరికి పాల్మీరా బల్ల నిండా పాస్తా పిండి పరిచి, పలచగా వత్తిన పిండి మీద గుమ్మడికాయ ముద్దలు వరసగా పెడుతోంది. నీల్డా గదిలోంచి రాలేదు. గొంతుకు విశ్రాంతి అని తలుపు మీద చీటీ అంటించింది.

"కూర్చోండి. కాఫీ స్టవ్ మీద ఉంది. ఊళ్ళో అప్పుడే కథ తిరుగుతోంది," అంది పాల్మీరా. "రొట్టెల కొట్టావిడ అడిగింది, ఆ పియానో ఆవిడకి పాటంటే పడదా అని."

"మీరేమన్నారు?"

"రెండు రొట్టెలిమ్మన్నాను." పాల్మీరా పిండిని మడిచి అంచు వేళ్ళతో నొక్కింది. "చిన్నప్పుడు నీల్డా కూజా పగలగొట్టి పిల్లి మీద పెట్టేది."

"అయితే నేను పిల్లినన్నమాట."

"నేనలా అనలేదు."

"పిల్లిని కొట్టేవాళ్ళా?"

"మా నాన్న చీపురుతో తరిమేవాడు. నీల్డా అంతా చూసేది, నోరు విప్పేది కాదు. సాయంత్రం తన పాలు దాని గిన్నెలో పోసేది. అప్పు తీరిపోయిందనుకునేది కాబోలు." పాల్మీరా తల ఎత్తలేదు. "నేను అక్కని. నేను చెప్పేదాన్ని కాదు, అదీ తప్పే. మీ చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆ అంచులు నొక్కండి. గట్టిగా, లేకపోతే నీళ్ళలో విప్పుకుంటాయి."

ఎర్సీలియా ఉంగరం తీసి పక్కన పెట్టి పిండి అంచులు నొక్కసాగింది. నొక్కుతుంటే పాల్మీరా ఒకసారి చూసి, "పియానో వేళ్ళు అంటారు గానీ, ఏం బలమండీ. ముద్ద బయటికొచ్చేస్తోంది," అంది. నిన్న సాయంత్రం తరవాత ఎర్సీలియా మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నం ఆమె ఊరి చౌక్‌లో ఉన్న కాఫీ బారుకు వెళ్ళింది. ఇంట్లో మూసిన తలుపు ముందు తిరగడం కన్నా నయమని. కౌంటర్ దగ్గర అమ్లేతో ఉన్నాడు. ఆమెను చూసి టోపీ తీశాడు, కానీ పలకరింపులో వెచ్చదనం లేదు.

"ఒక మాట అడగవచ్చా?" అన్నాడు. "మా పిల్ల గొంతు మీద మీకు నమ్మకం లేదా?"

"ఎందుకలా అంటున్నారు?"

"శ్రుతి దించేవాళ్ళు రెండు రకాలు. వేళ్ళు సోమరివైనవాళ్ళు, పాడేవాళ్ళకు భయపడేవాళ్ళు. మీ వేళ్ళు సోమరివి కావు, నిన్న విన్నాను. అంటే రెండోది." చక్కెర పొట్లం చింపి కాఫీలో పోశాడు. "దాన్ని ఇంత పిల్లప్పట్నుంచి ఎరుగుదును. చర్చిలో పాడితే కిటికీ అద్దాలు అదిరేవి. అలాంటి గొంతు పక్కన కూర్చుని మీరు దాన్ని తగ్గించేస్తున్నారు."

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆదివారం గ్యాలరీ మొత్తం ఆ పై స్వరం కోసం చెవులు నిక్కించి కూర్చుంటుంది, పిల్ల గొంతు పోయిందని. అప్పుడు ఏ శ్రుతిలో పాడినా పాట ముగియనివ్వరు.

"భయం నాదే అనుకోండి," అంది.

"అయితే భయం ఇంట్లో పెట్టి రండి. ఆదివారం దించారో, ఈలలు మీకే. ముందే చెబుతున్నాను, తరవాత మర్యాద లేదనుకోవద్దు."

ఆమె కాఫీ డబ్బు ఆయనే ఇచ్చేశాడు. తిట్టిన మనిషికి కాఫీ ఇప్పించడం ఇక్కడి మర్యాద.

శనివారం థియేటర్లో వాళ్ళిద్దరే ఉన్నారు. గొట్టాల్లో వేడినీళ్ళు ఎక్కుతున్న చప్పుడు అక్కడక్కడ టకటకమంటోంది. నీల్డా ప్రార్థన తియ్యమంది. ఎర్సీలియా అసలు శ్రుతిలో వాయించింది. నీల్డా సగం గొంతుతో పాడుతూ వచ్చి, పై స్వరం దగ్గర గాలిలో చెయ్యి మాత్రం ఊపి వదిలేసింది.

"ఒక్కసారి పూర్తిగా పాడు," అంది ఎర్సీలియా.

"రేపటికి దాచుకుంటున్నాను."

"నాకోసం."

"దాచుకుంటున్నానన్నాను కదా."

ఎర్సీలియా మళ్ళీ మొదట్నుంచి వాయించింది. నీల్డా మళ్ళీ చెయ్యి ఊపింది. ఆ చోటు రాకముందే కుడి భుజం కొంచెం పైకి లేస్తోంది, మెడ పక్కన నరం బిగుస్తోంది. ఎత్తైన గట్టు దూకబోయేవాడు కాళ్ళ కింద నేల చూసుకున్నట్టు. పాడి చూసుకోవడానికే భయపడుతోందని ఎర్సీలియాకు తెలిసిపోయింది. బహుశా హోటల్ గదుల్లో, స్నానాల గదుల్లో, కుళాయి తిప్పి పెట్టి ఎన్నోసార్లు ప్రయత్నించి ఉంటుంది.

పియానో మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నీల్డా, నేనొకటి చెబుతాను, మధ్యలో మాట్లాడకు. రేపు నువ్వడిగిన శ్రుతిలోనే వాయిస్తాను. నువ్వు ఆగిపోయినా, గొంతు విరిగినా, నా అంతట నేను దించను. ఇంతకాలం నువ్వు అడక్కుండా చేశాను. అది నా తప్పో, మంచితనమో, నాకూ తెలీదు. ఇక చెయ్యను. దించాలంటే నువ్వు అడగాలి."

నీల్డా వేదిక అంచున నిలబడి ఖాళీ కుర్చీల వంక చూస్తోంది.

"అంటే నా మీద కోపమొచ్చింది."

"రాదా?"

"రొవేర్సితో వద్దన్నాను కదే."

"టైము లేదని వద్దన్నావు."

నీల్డా ఏదో అనబోయి, శాలువా సర్దుకుంది. ఆమె గొంతు ప్రపంచంలో ఎన్ని భాషల్లో క్షమాపణ అడిగి ఉంటుందో ఎర్సీలియా లెక్కపెట్టలేదు. అన్నీ ఎవరో రాసిపెట్టినవే. రాసి ఇవ్వకపోతే ఆమెకు రాదు.

"వాళ్ళు నా చిన్నప్పటి గొంతు వినడానికి వస్తున్నారు," అంది చివరికి. "మిలాన్ వాళ్ళకి నేను ఎవరో. వీళ్ళకి నేను కిటికీ అద్దాలు అదరగొట్టిన పిల్లని. నేను అడిగితే, ఎర్సీలియా, ఆ పిల్ల లేదని నేనే చెప్పినట్టు."

"అవును," అంది ఎర్సీలియా. దీపం ఆర్పేసి ఇద్దరూ ఇంటికి నడిచారు. దారిలో నీల్డా ఆమె చెయ్యి పట్టుకోలేదు, కానీ గుంట ఉన్నచోట "చూసి," అంది.

ఆదివారం మధ్యాహ్నానికి థియేటర్ నిండిపోయింది. మరమ్మతు చేసిన బాల్కనీల బంగారు పూత కొత్తగా మెరుస్తోంది. పాల్మీరా రెండో వరసలో పెళ్ళినాటి ముత్యాలతో కూర్చుంది. గ్యాలరీలో నిలబడడానికి కూడా చోటు లేదు. మొదటి పాటకు పైన ఎవరూ దగ్గలేదు కూడా. రెండో పాటకు ఎవరో "ఊఁ" అన్నారు. విరామానికి ముందు పాడిన జోలపాటకు గ్యాలరీ కాళ్ళతో నేల తట్టింది. కాళ్ళతో తట్టడం ఇక్కడ చప్పట్ల కన్నా పెద్దది.

విరామంలో నీల్డా వెచ్చటి నీళ్ళు తాగింది. తలుపు దగ్గర రొవేర్సి "అద్భుతం, అద్భుతం, ఇక ప్రార్థన ఒక్కటీ..." అని చేతులు నలుపుకున్నాడు. వేదిక మీదికి తిరిగి వెళ్ళేముందు ఎర్సీలియా అరచేతుల చెమట గౌనుకు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో నీల్డా కోసం భయపడని రోజు లేదు. ఆ భయంతో ఏదీ చెయ్యకుండా కూర్చోవలసిన రోజు మాత్రం ఇదే.

చివరి పాట వచ్చింది. నీల్డా తల ఊపింది. ఎర్సీలియా అసలు శ్రుతిలో మొదలుపెట్టింది.

పైన బెంచీలు సర్దుకున్న చప్పుడు. తృప్తిగా ఎవరో ముక్కుతో గాలి వదిలారు. మొదటి స్వరాలు నెమ్మదిగా, అలల మీద అలలుగా నడిచి, గొంతు ప్రవేశించాల్సిన చోటికి చేరాయి.

నీల్డా అందుకోలేదు.

ఎర్సీలియా చేతులు ఆగలేదు. మొదట్నుంచే అలా రాసి ఉన్నట్టు, అదే అలను మళ్ళీ వెనక్కి తిప్పి తీసుకొచ్చింది. కింద కుర్చీలవాళ్ళు గమనించలేదు. గ్యాలరీ గమనించింది. రెండోసారి ఆ చోటు వచ్చింది. నీల్డా భుజం పైకి లేచింది. నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

వేలికొసల్లో దించెయ్యాలన్న దురద లేచింది. అర మెట్టు. ఎవరూ చూడకుండా జారిపోవచ్చు, తప్పు తన మీద వేసుకోవచ్చు, ఈలలు తను తినవచ్చు. ఎర్సీలియా పళ్ళు బిగించి అదే శ్రుతిలో మూడోసారి అల తిప్పింది.

నీల్డా ప్రేక్షకులకు పక్కగా తిరిగి పియానో దాకా నడిచి వచ్చింది. మూత మీద చెయ్యి ఆనించింది. ఆ థియేటర్‌ను కట్టినవాడు ఎవడో గానీ, వేదిక మీద సూది పడినా ఆఖరి బెంచీకి వినిపించేలా కట్టాడు. నీల్డాకు అది పుట్టినప్పట్నుంచీ తెలుసు.

"ఎర్సీలియా," అంది. పాడే గొంతు కాదు, వంటింట్లో ఉప్పు అందుకోమనే గొంతు. "కిందికి దించవే. మన శ్రుతికి. అక్కడే ఉంది నా గొంతు. నీకు ముందే తెలుసు, గురువారం నాకూ తెలుసు."

రెండో వరసలో పాల్మీరా ముత్యాల మీద చెయ్యి వేసుకుంది.

ఎర్సీలియా తరఫున జవాబు చెప్పే పని చేతులకు పడింది. కుడి చెయ్యి అలలను అలాగే నడిపిస్తుండగా, ఎడమ చేతి చిటికెనవేలు కిందకు ఒక్క స్వరం జారింది. దాని వెంట తక్కినవి ఒకటొకటిగా, నిద్రపోయిన పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నట్టు, కుదుపు లేకుండా దిగాయి. హాల్లో వెలుగు రంగు మారినట్టయింది. పాట ఆగలేదు. దిగినట్టు కూడా అనిపించలేదు, కూర్చున్నట్టు అనిపించింది.

నీల్డా పియానోను వదిలి ముందుకు వెళ్ళలేదు. అక్కడే, మూత మీద చెయ్యి అలాగే ఉంచి అందుకుంది.

కిటికీ అద్దాలు అదరగొట్టిన గొంతు కాదు అది. ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎన్నో రాత్రులు నిద్రలేక, ఇంటికొచ్చి చెప్పులు విప్పిన ఆడమనిషి గొంతు. ఈ ప్రార్థనలో ఆ స్త్రీ దేవుణ్ణి ఏదీ అడగదని, నన్ను చూస్తున్నావు కదా అని మాత్రమే అంటుందని, ఇన్నేళ్ళు వాయించాక ఎర్సీలియాకు ఆ పూట అర్థమైంది. పై స్వరం వచ్చింది. నీల్డా భుజం లేవలేదు. స్వరం నిలబడింది, సన్నబడింది, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

ఎర్సీలియా ఆఖరి స్వరం మీంచి వేలు తియ్యడానికి భయపడింది. తీస్తే పైనుంచి ఏమొస్తుందో వినాలి. చివరికి తీసింది.

కింద కుర్చీలవాళ్ళు చప్పట్లకు చేతులు ఎత్తి, తలలు పైకి తిప్పి, ఎత్తిన చేతులతో అలాగే ఉండిపోయారు. ఈ ఊళ్ళో గ్యాలరీకన్నా ముందు ఎవరూ కొట్టరు. తెర పక్కన రొవేర్సి సిల్కు గుడ్డ వదులు చేసుకున్నాడు.

బెంచీ కిర్రుమంది. అమ్లేతో లేచాడు. కొంతసేపు గొంతు సవరించుకున్నాడు, అది మామూలు సవరింపులా లేదు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇక్కడి ఆచారంలో పాడేవాళ్ళకు అంతకన్నా పెద్ద బహుమానం లేదు. అయినా ఎవరూ కాళ్ళు తట్టలేదు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, మాట పూర్తి కాలేదని అందరికీ తెలిసింది.

"ఏ శ్రుతిలో బాబాయ్?" అంది నీల్డా.

"ఇప్పుడు పాడావే, దాన్లోనే. ఎందుకు మారుస్తావు?" అని, కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "పియానో అమ్మగారూ, మిమ్మల్ని బారులో ఏదో అన్నాను. వినబడిందా? తప్పుగా అన్నాను."

"కాఫీ ఇప్పించారుగా," అంది ఎర్సీలియా.

అప్పుడు గ్యాలరీ కాళ్ళు నేలను తాకాయి. ఒక బెంచీ, ఆ పక్క బెంచీ, మొత్తం. బాల్కనీల కొత్త బంగారు పూత లోంచి సన్నటి దుమ్ము రాలింది. పాల్మీరా లేచి నిలబడి ఏడుస్తూ పక్కవాడి వీపు మీద కొడుతోంది.

ఆ హోరులో నీల్డా పియానో మీదికి వంగింది. ఆమె ముఖం మీద రంగంతా చారలు కట్టింది. ఎవరూ రాసి ఇవ్వని మాట కోసం వెతుక్కుంటున్నట్టు పెదవులు రెండు మూడు సార్లు కదిలాయి.

"టైము ఉన్నా వద్దనేదాన్నే," అంది. "చెప్పలేకపోయాను, అంతే."

ఎర్సీలియా బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి, వేళ్ళు మెట్ల మీద పెట్టింది.

"ఇంకో అర మెట్టు దించనా?"

"చంపేస్తాను," అంది నీల్డా, ముక్కు తుడుచుకుంటూ. "వాయించు."